కళ్ల కింద పోలిక

చేప ముల్లు తీస్తున్న చేయి ఆగిపోయింది.

బల్లకి అవతల కూర్చున్న పెళ్లికూతురి తల్లి మిరాన్ చాప్‌స్టిక్‌లు పళ్లెం అంచున పెట్టి, నేరుగా ఓక్బున్ మొహంలోకి చూడసాగింది. ఆ చూపులో మొహమాటం లేదు. దొంగనోటుని వెలుతురుకి ఎత్తిపట్టి చూసేవాళ్ల చూపు అది.

ఓక్బున్ నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. ఎక్కడ దొరికిపోయింది తను? కుర్రాడి పుట్టినరోజు సరిగానే చెప్పింది. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిన సంగతి, పీతకూర పడని సంగతి, సైన్యంలో ఉండగా కాలు విరిగిన సంగతి, అన్నీ తడుముకోకుండా చెప్పింది. మరింకేమిటి?

పక్కనున్న పెళ్లికొడుకు దోజిన్ గ్లాసు ఎత్తి, తాగకుండానే దించాడు. అవతలివైపు పెళ్లికూతురు హెరాంగ్ తలొంచుకుని గిన్నెలో మెతుకులు కెలుకుతోంది.

"ఇప్పుడర్థమైంది," అంది మిరాన్ నెమ్మదిగా.



"ఏవండీ, ఇటు చూడండి. అల్లుడి కళ్ల కింద ఆ సంచులు ఎక్కణ్ణుంచి వచ్చాయా అని మొదట్నుంచీ బుర్ర బద్దలు కొట్టుకుంటున్నా. వదినగారి దగ్గర్నుంచే! అచ్చు గుద్దినట్టు లేవూ?"

మామగారు కళ్లజోడు పైకి తోసుకుని ఒకసారి తల్లిని, ఒకసారి కొడుకుని చూశాడు. అంతసేపూ కోర్టులో కూర్చున్నట్టు బిగుసుకుని ఉన్న మనిషి ఫక్కున నవ్వేశాడు.

"ఆస్తులు ఇవ్వకపోతే పోయె, ఇవైనా ఇచ్చారు కదమ్మా మీ అబ్బాయికి!"

"ఏం చెయ్యను అన్నయ్యగారూ," అంది ఓక్బున్ ముద్ద మింగి. "ముక్కు వాళ్ల నాన్నది పట్టుకుపోయాడు. నా వాటాకి ఇవే మిగిలాయి."

బల్ల చుట్టూ నవ్వులు. హెరాంగ్ తలెత్తింది. మామగారు సోజు సీసా అందుకుని అల్లుడి గ్లాసు తనే నింపాడు. పెళ్లి తేదీ అక్కడికక్కడే ఖాయమైపోయింది.

చిక్కల్లా ఒకటే. ఓక్బున్ దోజిన్‌ని కనలేదు. కిందటి వారం దాకా అతనెవరో ఆమెకి తెలీదు.

సియోల్‌లో మనిషికి ఏ చుట్టం కరువైతే ఆ చుట్టాన్ని పంపే ఏజెన్సీలున్నాయి. పెళ్లికి స్నేహితులు చాలకపోతే స్నేహితులు, పెద్దదిక్కు లేకపోతే పెదనాన్న. మేంగ్ అనే అతను నడిపే ఏజెన్సీలో ఓక్బున్‌ది అమ్మ ఉద్యోగం. మామూలు రోజుల్లో సిల్లిమ్ సంతలో కూరల దుకాణంలో ముల్లంగి తరుగుతుంది. శనాదివారాలు ఎవరో ఒకరికి తల్లి. భర్త పోయి చాలాకాలమైంది. తనకంటూ పిల్లలు పుట్టలేదు.

ఆ సంచులు మాత్రం వయసులో ఉన్నప్పట్నుంచీ ఉన్నాయి. "రాత్రి నిద్రపోలేదా?" అని అడిగేవాళ్లు అప్పట్లో. తర్వాత "ఒంట్లో బాగాలేదా?" అనడం మొదలెట్టారు. సంతలో చేపలమ్మే ఆవిడైతే "అందులో ఏం దాచావే, రెండు కోడిగుడ్లు పడతాయి!" అని అందరిముందూ కేకేసేది. మేంగ్ లెక్క వేరు.

"అక్కా, అదే నీ పెట్టుబడి," అనేవాడు. "నువ్వు పెళ్లికొడుకు వెనకాల అలా కూర్చుంటే చాలు. పాపం, ఎంత కష్టపడి పెంచిందో అని వెనక వరసలో వాళ్లు కూడా ముక్కు చీదుతారు."

దోజిన్ పెరిగింది గున్సాన్‌లో, అనాథాశ్రమంలో. ఆ సంగతి హెరాంగ్‌కి తెలుసు. ఆమె తల్లిదండ్రులకి తెలీదు. ముందూవెనకా ఎవరూ లేనివాడికి పిల్లనిచ్చేది లేదని ఆమె తండ్రి అంతకుముందే చాలాసార్లు అని ఉన్నాడు. అందుకని ఇద్దరూ కూడబలుక్కుని ఒక తల్లిని తెచ్చుకున్నారు.

మామూలుగా ఇలాంటి పరిచయాల భోజనం అయ్యాక, హోటలు గుమ్మం దగ్గరే పని ముగిసిపోతుంది. కుర్రాళ్లు వంగి దణ్ణం పెట్టి, చెమట తుడుచుకుంటూ టాక్సీ ఎక్కేస్తారు. దోజిన్ మాత్రం ఆమెతోపాటు మెట్రో మెట్లు దిగాడు.

"మీరు ఎటు?" అన్నాడు.

"సిల్లిమ్."

"నేనూ అటే."

అతని ఇల్లు ఊరికి ఆ చివరని ఓక్బున్‌కి తెలుసు. బట్టీ పట్టింది కదా. అయినా ఊరుకుంది.

రైలు సొరంగంలోకి దూరింది. ఎదుటి కిటికీ అద్దం నల్లబడి, అందులో పక్కపక్కనే రెండు మొహాలు తేలాయి. పైనుంచి పడుతున్న దీపం వెలుతురులో కళ్ల కింద నాలుగు సంచులూ ఇంకా ఉబ్బెత్తుగా కనిపించాయి.

"ఆఫీసులో నన్ను పాండా అంటారు," అన్నాడు దోజిన్ అద్దంలోకి చూస్తూనే.

"నయం. నన్ను కప్ప అనేవాళ్లు. పాండానైతే జనం టిక్కెట్టు కొనుక్కుని మరీ చూస్తారు."

అతను పడీపడీ నవ్వాడు. ఎదురుసీట్లో నిద్రపోతున్న ముసలాయన ఉలిక్కిపడి లేచేంతగా. నవ్వాగాక కళ్లు తుడుచుకుని, "ఆవిడ అన్నది నిజమేనంటారా? పోలిక ఉందా?" అన్నాడు.

ఓక్బున్ అద్దంలోకి చూసింది. "ఉన్నట్టే ఉందిరా, చూస్తుంటే."

'రా' అని ఎందుకందో ఆమెకే తెలీదు. అతను ఏమీ అనుకోలేదు. రెండు స్టేషన్లు గడిచాక నోరు విప్పాడు.

"అమ్మా."

"ఇక్కడ వినేవాళ్లెవరూ లేరు. అలా పిలవక్కర్లేదు."

"తెలుసు." గొంతు సవరించుకున్నాడు. "పెళ్లయ్యాక చుసోక్ పండగొస్తుంది. మా ఇంటికి వస్తారా? ఏజెన్సీ పని మీద కాదు, ఊరికే. పండక్కి ఎవరైనా మన ఇంటికి రావడమంటే ఎలా ఉంటుందో నాకు తెలీదు. రండి. సోంగ్‌ప్యోన్ కుడుములు చేసుకుందాం. నాకు చెయ్యడం రాదు, మీరు నేర్పండి."

"ముందు పెళ్లి కానీ. చూద్దాం," అంది ఓక్బున్.

పైకి అలా అందిగానీ, సిల్లిమ్‌లో దిగి ఇంటిదాకా ఎలా నడిచిందో ఆమెకి గుర్తులేదు. ఎంతమంది పెళ్లికొడుకులకి తల్లయిందో! తాళాలు తిరిగిచ్చినట్టు ఎవరి బిడ్డని వాళ్లకి వదిలేసి వచ్చేసేది. వీడు మాత్రం పని అయిపోయాక కూడా రమ్మన్నాడు. ఆ రోజునుంచి ఆమెకి ఒకటే ఆశ, ఒకటే భయం. పెళ్లి దాటాక కూడా వీడు నన్ను అమ్మా అంటాడా?

మిరాన్ ఫోన్ చేసింది ఆ దిగుల్లో ఉండగానే. నంబరు ఆ రోజు భోజనాల దగ్గరే పట్టుబట్టి తీసుకుంది. ఏజెన్సీ నియమం ప్రకారం ఇవ్వకూడదు. ఇవ్వనంటే అనుమానమొస్తుంది.

"వదినగారూ, రేపు ఖాళీయేనా? మీ లాంఛనాల సంగతి మాట్లాడాలి."

"నాకెందుకండీ లాంఛనాలు!"

"బాగుంది! మొగపిల్లాడి తల్లికి పెట్టకుండా పిల్లని పంపితే నన్నేమంటారు? పరుపులూ వెండి చెంచాలూ పాతకాలం గొడవ. అప్‌గుజోంగ్‌లో నాకు తెలిసిన ఆస్పత్రి ఉంది. ఇద్దరం వెళ్దాం. నాకు మచ్చలకి లేజరు. మీకు ఆ సంచులు. పెళ్లిలో లైట్లన్నీ మన మొహాల మీదేగా!"

"అమ్మో, ఈ వయసులోనా?"

"ఈ వయసులోనే. మా వీధిలో ఈ ఏడాది పెళ్లిళ్లు చేసిన ఏ తల్లీ కళ్లు బాగుచేయించుకోకుండా పెళ్లి దీపం వెలిగించలేదు. కాదన్నారో, నా మీద కోపమొచ్చిందనుకుంటా."

ఆస్పత్రిలో గోడలన్నీ తెలుపు. తెల్లకోటు వేసుకున్న కౌన్సెలరమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని ఓక్బున్ చేతికి టీ కప్పు అందించింది. ఆ ఆస్పత్రిలో వయసుమళ్లిన ప్రతి ఆడమనిషీ 'అమ్మగారే'.

"అమ్మగారూ, దీనికి దారులు చాలా ఉన్నాయి," అంటూ మొదలెట్టింది. "లేజరుతో చర్మం కాస్త బిగుస్తుంది. కానీ సంచి ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. ఫిల్లర్ అంటే సంచి కింద గుంటలోకి జెల్ ఎక్కించి ఎత్తుపల్లాలు సమం చెయ్యడం. ఇవాళే చేయించుకుని ఇవాళే ఇంటికెళ్లొచ్చు. కొన్నాళ్లకి కరిగిపోతుంది. నిజం చెప్పాలంటే మీకు అది వేస్తే బస్తా పక్కన బస్తా పడేసినట్టుంటుంది."

మిరాన్ కిసుక్కున నవ్వింది.

"చర్మం మరీ వేలాడేవాళ్లకి కనురెప్ప వెంట్రుకల కిందనుంచి కోసి, మిగులు చర్మం తీసేసి కుట్టేస్తారు. ఆ గీత మానడానికి టైం పడుతుంది. మీకు అంత అక్కర్లేదు. రెప్ప లోపలివైపునుంచి వెళ్లి కొంత కొవ్వు తీసేసి, కొంత గుంటలోకి సర్దితే చాలు. బయటికి కుట్టు కనపడదు. పెళ్లికి నెల పైనే ఉంది కాబట్టి వాపూ, కమిలినదీ అప్పటికి పోతాయి."

డాక్టరు వచ్చి బొటనవేలితో కళ్ల కింద నొక్కి చూశాడు. "పొద్దున ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతాయా?"

"లేదు బాబూ. ఎప్పుడూ ఇంతే."

"అయితే నీరు కాదు, కొవ్వే. జబ్బేమీ కాదు, వదిలేసినా ప్రమాదం లేదు. తీస్తే మాత్రం పాత మొహం మళ్లీ తెచ్చివ్వలేం. బాగా ఆలోచించుకోండి." కాగితం మీద ఏదో రాసుకుంటూ అడిగాడు. "ఇది వంశంలో వస్తుంది. పిల్లలకుందా?"

"ఉంది," అంది ఓక్బున్. "మా అబ్బాయికి అచ్చం ఇలాగే ఉంటాయి."

ఈ మాట ఎవరూ బట్టీ పట్టించింది కాదు. తనంతట తనే అనేసింది. పక్కనే ఉన్న మిరాన్ అవునవునని తలూపింది.

కౌన్సెలరమ్మాయి కంప్యూటర్లో ఏవో మీటలు నొక్కింది. తెరమీద ఓక్బున్ మొహం ఒకసారి చెదిరి మళ్లీ నిలబడింది, సంచులు లేకుండా. ఆ తెరమీద మనిషి ఏనాడూ ముల్లంగి తరగలేదు. చన్నీళ్లలో చేతులు పెట్టలేదు. మంచి అపార్ట్‌మెంటులో, ఎండ తగిలే వరండాలో పూలకుండీలు పెంచుకుంటున్నట్టుంది. ఇలాంటి తల్లయితే దోజిన్ తన ఆఫీసు వాళ్ల ముందు తలెత్తుకు తిరగడూ? పండక్కి వచ్చిన చుట్టాలకి "మా అమ్మ" అని గర్వంగా చూపించుకోడూ?

ఫోన్ తీసింది. 'నాన్నా, మీ అత్తగారు ఇలా అంటోంది, చేయించుకోనా?' అని రాసింది.

మిరాన్ మెడ సాచి చూసింది. "చెప్పేస్తే ఇంకేముంది వదినగారూ! పెళ్లిరోజు నేరుగా చూసి వాళ్లు నోళ్లు తెరవాలి."

అదీ నిజమే అనిపించింది. రాసిందంతా చెరిపేసింది. ఆ తర్వాత ఎన్నోసార్లు ఓక్బున్ ఆ క్షణం దగ్గరికే తిరిగి తిరిగి వచ్చేది. వేలు ఒక్కసారి అటు నొక్కి ఉంటే సరిపోయేది.

ఆపరేషను పెద్ద కష్టమనిపించలేదు. ఐసు మూటలు, చుక్కల మందు, వెల్లకిలా పడక. కూరల దుకాణం యజమానురాలికి కళ్ల కలకని చెప్పింది. కమిలిన చోట ఊదారంగు పసుపయింది, పసుపు మాయమైంది. ఆ మధ్యలో దోజిన్ రెండుమూడుసార్లు ఫోన్ చేశాడు. సూటు కొన్నాననీ, వంగి దణ్ణం పెట్టడం హెరాంగ్ ప్రాక్టీసు చేయిస్తోందనీ చెప్పాడు. "ఓసారి కలుద్దామా అమ్మా?" అన్నాడు. "పనుందిరా, పెళ్లిలోనే చూద్దువుగాని," అంది. దాచినకొద్దీ ఆమెకి సరదా పెరిగింది.

పెళ్లి దగ్గరపడ్డాక ఏజెన్సీకి వెళ్లింది. మేంగ్ తలెత్తి, "ఎవరు కావాలండీ?" అన్నాడు.

"నేనేనయ్యా."

చేతిలో కాఫీ కప్పు ఒలికి బల్లంతా పారింది. అతను తుడవను కూడా లేదు.

"అక్కా! ఎవరు చెయ్యమన్నారు నిన్ను? నన్నొక్క మాట అడగాలనిపించలేదా? మొహం మారిస్తే నాకు ముందు చెప్పాలని ఎన్నిసార్లు మొత్తుకున్నాను!"

"వియ్యపురాలు లాంఛనంగా పెట్టింది. కాదంటే బాగుండదని..."

"లాంఛనమా!" నుదురు కొట్టుకున్నాడు. "ఆ కుర్రాడు ఇక్కడికొచ్చిన రోజు ఏం జరిగిందో తెలుసా నీకు? అమ్మల ఫోటోలన్నీ ముందు పరిచా. బ్యాంకు మేనేజరులా ఉండేది, రిటైరైన టీచరమ్మ, నవ్వితే వెన్న కారేది. ఒక్కదాన్నీ సరిగ్గా చూడలేదు. నీ ఫోటో దగ్గర ఆగాడు. 'ఈవిడ కళ్ల కింద ఉన్నది మేకప్పా, నిజమా?' అన్నాడు. నిజమే అన్నా. ఫోటో తీసుకుని ఆ గోడన అద్దం ముందుకెళ్లి నించున్నాడు. తిరిగొచ్చి 'ఈవిడే' అన్నాడు."

ఓక్బున్ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇన్నాళ్లూ తన పేదమొహం చూసి, కథకి సరిపోతుందని ఎంచుకున్నాడనుకుంది.

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

"ఏం చేస్తాం. నాలుగు రోజుల్లో పెళ్లి. కన్నతల్లులు కూడా చేయించుకుంటున్నారు కాబట్టి అనుమానం రాదులే." మేంగ్ గుడ్డ తీసి కాఫీ తుడవడం మొదలెట్టాడు. "పెళ్లివాళ్లకి రాదు. ఆ కుర్రాడి సంగతే నాకు తెలీదు."

ఫోన్ చేసి చెప్పాలనుకుంది. రోజూ అనుకుంది. తీరా అతని గొంతు వినగానే సూటు గురించి, చెప్పుల గురించి అడిగేది.

పెళ్లిరోజు తల్లులను ముస్తాబు చేసే గదిలో ఓక్బున్ సంప్రదాయపు నీలం హాన్‌బోక్ కట్టుకుని అద్దం ముందు కూర్చుంది. గులాబీరంగులో మిరాన్ వెలిగిపోతోంది. తలుపు తోసుకుని దోజిన్ వచ్చాడు. నల్లసూటు, తెల్ల చేతితొడుగులు. గదంతా కలయజూశాడు. ఓక్బున్ మీదుగా చూపు ఒకసారి వెళ్లిపోయింది. ఆగలేదు.

"మా అమ్మ ఇంకా రాలేదా?" అన్నాడు జడలు వేసే ఆవిడతో.

మిరాన్ చప్పట్లు కొట్టి నవ్వింది. "చూశారా వదినగారూ, కన్నకొడుక్కే ఆనవాలు దొరకలేదు! ఎదురుగానే కూర్చుంటే అడుగుతావేం అల్లుడూ?"

దోజిన్ ఓక్బున్ వైపు తిరిగాడు. అతని కళ్లు ఆమె కళ్ల కిందికి దిగాయి. అక్కడ ఏదో వెతుకుతున్నట్టు కుడివైపునుంచి ఎడమవైపుకి, ఎడమనుంచి కుడికి కదిలాయి. మొహంలో కోపం కనపడితే బాగుండుననుకుంది ఓక్బున్. కోపం లేదు. ఊరెళ్లొచ్చేసరికి తన ఇంటి స్థలంలో వేరే ఇల్లు లేచి ఉన్న మనిషిలా ఉన్నాడు.

"చాలా బాగున్నారు," అన్నాడు చివరికి, వంగి దణ్ణం పెట్టి.

"తర్వాతి వంతు నీదే," అంది మిరాన్. "డాక్టరుకి చెప్పే ఉంచాను. హనీమూన్‌నుంచి రాగానే ఆ సంచులు తీయించేస్తా."

"వద్దత్తయ్యా."

"భయమా? మీ అమ్మని చూడు, ఎంత ధైర్యంగా..."

"భయం కాదు. నాకివి ఉండనివ్వండి." నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ మాట మీద ఇంకో మాట వెయ్యడానికి మిరాన్‌కి కూడా నోరు రాలేదు.

పెళ్లి చక్కగా జరిగింది. ఇద్దరు తల్లులూ చేయీచేయీ పట్టుకుని నడిచి దీపాలు వెలిగించారు. ఓక్బున్ చెయ్యి వణకలేదు. ఎన్ని పెళ్లిళ్లు చేసిన చెయ్యి! కొడుకు వచ్చి పాదాల ముందు సాష్టాంగపడ్డప్పుడు మాత్రం ఎక్కడ కన్నీళ్లు తుడుచుకోవాలో అక్కడ తుడుచుకోవడం మర్చిపోయింది.

ఫోటోలు తీసేటప్పుడు దోజిన్ ఆమె పక్కన నిలబడ్డాడు. "ఇంకొంచెం దగ్గరగా, తల్లీకొడుకులు!" అని ఫోటోగ్రాఫరు అరిచాడు. పెళ్లికూతురి మేనత్త ఎవరో వెనక వరసలోంచి పక్కావిడతో అంటోంది, వినపడదనుకుని: "అబ్బాయిది తండ్రి పోలికేమో. తల్లిది ఒక్కటీ రాలేదు."

కెమెరా మెరిసింది. తన భుజానికి ఆనుకున్న భుజం కాస్త ఎడమైనట్టు అనిపించింది ఓక్బున్‌కి.

భోజనాల హడావిడిలో ఆమె హాన్‌బోక్ తిరిగిచ్చేసి, సొంతబట్టల్లో సామాను లిఫ్టు దగ్గర నించుంది. అద్దె తల్లులు వెళ్లేది అటునుంచే. దోజిన్ వెతుక్కుంటూ వచ్చాడు.

"నీకు సంతోషంగా ఉంటుందనుకున్నానురా," అంది ఓక్బున్. "నలుగురిలో నీకు నామోషీ లేకుండా ఉండాలని..."

"తెలుసండీ. మీరు నా మంచికే చేశారు. బాగుంది కూడా, వయసు తగ్గిపోయింది." చేతితొడుగులు తీసి జేబులో కుక్కుకున్నాడు. "ఆశ్రమానికి ఎవరైనా వచ్చినప్పుడు మేమంతా వరసగా నించుని వాళ్ల మొహాలు చూసేవాళ్లం. ఒకడు చెవులు చూసేవాడు, ఒకడు ముక్కు. నేను కళ్ల కింద చూసేవాణ్ణి. పెద్దయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. రైల్లో, రోడ్డు మీద, ఎక్కడైనా సరే."

ఓక్బున్ ఏదో అనబోయింది. అతను చెప్పుకుపోయాడు.

"మీరు నా కన్నతల్లి కాదని నాకు తెలీదా? డబ్బులు కట్టింది నేనేగా. కానీ ఆ రోజు మామయ్య మనిద్దర్నీ చూసి నవ్వినప్పుడు, నేను అబద్ధం ఆడుతున్నట్టే అనిపించలేదు." లిఫ్టు వచ్చి తలుపులు తెరుచుకున్నాయి. "ఇవాళ అనిపించింది. పొద్దున్నుంచీ."

"చుసోక్‌కి..." అంది ఓక్బున్.

"ఫోన్ చేస్తాను," అన్నాడు దోజిన్. వంగి దణ్ణం పెట్టాడు, హోటలు గుమ్మం దగ్గర మిగతా కుర్రాళ్లందరూ పెట్టినట్టే.

ఆఖరి చెకప్‌కి వెళ్లినప్పుడు డాక్టరు చాలా సంతోషించాడు. గీత లేదు, గుంట లేదు, రెండువైపులా సమంగా ఉంది అన్నాడు. ఓక్బున్ చేతిసంచి ఒళ్లో పెట్టుకుని అడిగింది.

"మళ్లీ పెట్టడానికి వీలవుతుందా బాబూ?"

"ఏమిటమ్మగారూ?"

"తీసినవి."

డాక్టరు కౌన్సెలరమ్మాయి వైపు చూశాడు. ఆ అమ్మాయి ముందు నవ్వబోయి, ఓక్బున్ మొహం చూసి ఆగిపోయింది. "కింది కనురెప్ప వెంట్రుకలని ఆనుకుని సన్నగా ఉబ్బు పెట్టించుకుంటారమ్మగారూ, చిన్నపిల్లల్లా కనిపించడానికి. అది కావాలంటే చేస్తాం. పాత సంచులు కావాలని అడిగినవాళ్లు ఇంతవరకు ఎవరూ లేరు."

"కొన్నేళ్లకి వయసుతోపాటు కొద్దిగా రావచ్చు," అన్నాడు డాక్టరు ఓదార్పుగా. "కానీ ఇదివరకటిలా రావు. అది మాత్రం నేను గట్టిగా చెప్పగలను."

చుసోక్ పండగ వచ్చింది. ముందురోజే ఓక్బున్ బియ్యప్పిండి పిసికి, నువ్వులూ తేనే కూరి, సోంగ్‌ప్యోన్ చేసింది. పైన్ ఆకుల మీద ఆవిరి పట్టి, చల్లారాక నువ్వులనూనె రాసి డబ్బాలో సర్దింది. ఒక్క మనిషి తినేన్ని కావవి. కొత్త చొక్కా వేసుకుని పొద్దున్నే తయారై కూర్చుంది. ఫోన్ బల్లమీద పెట్టుకుంది. సంత మూసేశారు. సందులో పిల్లలూ పెద్దలూ పండ్లబుట్టలు మోసుకుని ఎవరి పుట్టింటికో వెళ్తున్నారు.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఒక్క ఉదుటున అందుకుంది.

"వదినగారూ! ఎలా ఉంది జెజు దీవి?" మిరాన్ గొంతు. వెనకాల గిన్నెల చప్పుడు, మాటలు, ఎవరో నవ్వుతున్నారు.

ఓక్బున్‌కి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. మరుక్షణం అంతా అర్థమైంది. ఎన్నేళ్లనుంచి చేస్తున్న పని!

"ఏముందండీ, గాలి!" అంది. "నెత్తిమీద టోపీ నిలవనివ్వడం లేదు."

"మీ చెల్లెలికి నడుం ఎలా ఉంది? మీరు తోడుండాలని పండక్కి రాలేనన్నారని అల్లుడు చెప్తే ఎంత బాధేసిందో. అందరం మీకోసం చూశాం."

"లేవలేకపోతోందండీ పాపం. వంటా వార్పూ అన్నీ నేనే."

"కళ్లెలా ఉన్నాయి? మళ్లీ వాపేమైనా వచ్చిందా?"

"లేదు వదినగారూ. శుభ్రంగా ఉన్నాయి."

"ఉండండి, అల్లుడికిస్తా."

ఓక్బున్ వద్దనేలోపే ఫోన్ చేతులు మారింది. అందరూ చుట్టూ ఉన్నారు కాబట్టి అతను ఏదో ఒకటి అనాలి.

"అమ్మా. బాగున్నారా?"

"బాగున్నానురా. తిన్నావా?"

"తిన్నాను."

ఇప్పుడు ఒక్క మాట చాలు. 'జెజు ఏమిట్రా, ఇక్కడే, సిల్లిమ్‌లోనే ఉన్నా, డబ్బా నిండా చేసిపెట్టి కూర్చున్నా,' అంటే చాలు. వాడు వస్తాడు. అత్తమామల ముందు పరువుకోసమైనా వస్తాడు. వచ్చి, ఎదురుగా కూర్చుని, ఈ మొహం చూస్తూ తింటాడు.

"దోజిన్," అంది. "మీ పిన్నికి ఇప్పట్లో తగ్గేట్టు లేదు. నేను ఇక్కడే ఉండిపోదామనుకుంటున్నా. కొత్త సంవత్సరానికి కూడా నాకోసం చూడకండి. మీ అత్తయ్యకి కూడా అలాగే చెప్పు."



"సరేనమ్మా," అన్నాడు. ఆ మాట బరువు దిగిన మనిషి మాటలానే ఉంది. కాకపోతే సగంలో విరిగింది.

ఫోన్ మళ్లీ మిరాన్ చేతికి వెళ్లింది. "అదేంటి వదినగారూ, అక్కడే ఉండిపోతారా! మీ వాడి మొహం చూడాలి మీరిప్పుడు."

"ఏం, ఎలా ఉన్నాడు?"

"ఏడుస్తున్నాడో ఏమో తెలీట్లేదు. కళ్ల కింద ఆ సంచులతో వాడెప్పుడూ అలాగే ఉంటాడుగా!" మిరాన్ నవ్వింది.

"అవునండీ," అంది ఓక్బున్. "పుట్టినప్పట్నుంచీ అంతే వాడు."